గొట్టం లోపలి బొట్టు

మా నాయన బాలచంద్రకు బండిని చూపించనక్కర్లేదు, దాని చప్పుడు వినిపిస్తే చాలు. తొండవాడ దగ్గర రోడ్డు పక్కనే మా షెడ్డు. ఆ రోడ్డు మీద పోయే బండ్లలో దేనికి బేరింగు అరిగిందో, దేనికి బెల్టు వదులైందో కూర్చున్న చోటి నుంచే చెప్పేస్తాడు. వినడానికి ఇది గొప్పగా ఉంటుంది కానీ ఆయనతో బస్సెక్కి చూడండి, తెలుస్తుంది. చిత్తూరు దాకా ఆ ఇంజను మీద వ్యాఖ్యానం వింటూ పోవాలి. దిగేముందు డ్రైవరు దగ్గరికి పోయి గేరు బాక్సు గురించి నాలుగు ముక్కలు చెప్పి మరీ దిగుతాడు. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే లెక్చరర్నయ్యాక కూడా ఆయన పక్కన కూర్చున్నప్పుడు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆయన చదువు ఏడో తరగతితో ఆగింది. పాకాల, తిరుపతి మధ్య సర్వీసు జీపులు కిక్కిరిసి తిరిగే రోజుల్లో వాటి కింద వెల్లకిలా పడుకుని పని నేర్చుకున్నాడు. ఆ జీపుల్లో ఒక్క మీటరూ పనిచేసేది కాదట. వేడెక్కిందో లేదో, ఆయిలు ఉందో అయిపోయిందో అన్నీ చెవితోనే కనిపెట్టాలి. అట్లా ఆయన చెవి తయారైంది. జీపులు పోయి లారీలొచ్చాయి, తర్వాత ట్రాక్టర్లు, ఆ తర్వాత కార్లు. కార్లలో కంప్యూటర్లు వచ్చాక జనం పెద్ద పెద్ద అద్దాల షోరూముల వైపు మళ్ళారు. మా ఊళ్ళో నాయనకు ఒక పేరు మిగిలిపోయింది, జీపు మెకానిక్ అని. పైకి నవ్వేవాడు కానీ ఆ మాట ఆయనకు గిట్టదు. కొత్త రకం బండి ఒక్కటైనా తన షెడ్డులోకి వచ్చి, బాగుపడి, నలుగురూ చూస్తుండగా బయటికి పోవాలన్నది ఆయన కోరిక. నోరు తెరిచి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకపోయినా మాకు తెలుసు.

అట్లాంటి బండి పోయిన ఫిబ్రవరిలో వచ్చింది. దాని యజమాని హరినాథ్. చిత్తూరు దగ్గర వాళ్ళకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. వాళ్ళ నాన్న లారీలకు ఇరవై ఏళ్ళు మా నాయనే పని చేశాడు. హరినాథ్ బెంగుళూరులో ఒక స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే తలుపులు, నేలకు జానెడు ఎత్తు, నీలం రంగు. దానికి బిగించమని ఒక అట్టపెట్టె కూడా తెచ్చాడు. అందులో ఉన్నది కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్. ఇంజనుకు చల్లటి గాలి అందించే గొట్టం, ఫిల్టరు. వేలూరులో దినకరన్ అనే కుర్రాడి దుకాణంలో కొన్నాడట.

"మా నాయన నీ చేతిలోనే పెట్టమన్నాడన్నా. కానీ ఇది జీపు కాదు, సూసుకో" అన్నాడు హరినాథ్.

నాయన ముఖం చూశాను. ఆయన పెట్టె విప్పాడు. పెట్టెలో ఉన్న ఇంగ్లీషు పుస్తకం నా చేతికిచ్చి, "చదువు పాపా, ఒక్క ముక్క వదలకుండా" అన్నాడు.

చదివాను. కంపెనీవాళ్ళు ఇంజను గాలి పీల్చే దారిలో ఒక ప్లాస్టిక్ డబ్బా పెడతారు. అందులో కాగితం ఫిల్టరు, దాని పక్కన మూసిన గదులు ఉంటాయి. ఆ గదులు చప్పుడును మింగేస్తాయి. కార్లో కూర్చున్నవాళ్ళకు చెవి నొప్పి లేకుండా ఆ ఏర్పాటు. కొత్త కిట్‌లో ఆ గదులుండవు. వెడల్పాటి నున్నటి గొట్టం, దాని చివర శంకువు ఆకారంలో ఫిల్టరు, ఇంజను వేడి తగలకుండా అడ్డం ఒక రేకు, అంతే. గాలి చల్లగా వస్తుంది, దాన్ని పీల్చే చప్పుడు కూడా అడ్డం లేకుండా బయటికొస్తుంది.

"పవర్ ఎంత పెరుగుతాదన్నా?" అని అడిగాడు హరినాథ్.

"పెద్దగా పెరగదు. పెరుగుతాదని చెప్పి నిన్ను మోసం చేయలేను. గొంతు మాత్రం మారుతాది, అది నా పూచీ. మారకపోతే ఆ బోర్డు మీద నా పేరు చెరిపేస్తా."

ఎవరడిగారు ఆయన్ని అంత మాట అనమని? నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళుగా ఆ బోర్డు మీద ఉన్న పేరును ఒక కుర్రాడి కారుకు పందెం కట్టడమేమిటి! కానీ అన్నాక అన్నట్టే. ఆ పేరు ఉంటుందో పోతుందో ఇక ఆ బండే తేల్చాలి.

ఆదివారం పొద్దున పని మొదలైంది. మొదలంటే బానెట్ ఎత్తడం కాదు. నాయన హరినాథ్‌ను మూడుసార్లు స్వర్ణముఖి వంతెన దాకా పోయి రమ్మన్నాడు. మొదటిసారి బండి ఎదురుగా నిలబడి విన్నాడు. రెండోసారి వెనకాల నిలబడ్డాడు. మూడోసారి పక్క సీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

"గాలి పీల్చేది ముందరన్నా. వెనకాల నిలబడి ఏమి ఇంటావు?" అని విసుక్కున్నాడు హరినాథ్.

"అందరూ బండిని వెనకనించే ఇంటారు హరీ, ఆ సైలెన్సర్ కాడ. ముందర అది ఊపిరి తీసుకుంటాది, దాన్ని ఎవురూ ఇనరు. తీసుకునేది ఏది, వదిలేది ఏది, రెండూ నాకు విడివిడిగా తెలియాల. పాత గొంతు ఇనకుండా కొత్తది మారిందని యాడ చెప్పేది?"

ఎనిమిదేళ్ళుగా శబ్దం పాఠం బోర్డు మీద గీతలు గీసి చెబుతున్న నేను నోరు మూసుకున్నాను.

బిగించడానికి మధ్యాహ్నం దాటింది. కంపెనీ డబ్బా ఊడదీశాడు. దాంట్లోంచి గాలిని కొలిచే సెన్సర్ జాగ్రత్తగా బయటికి తీశాడు. అందులో వెంట్రుకంత సన్నటి తీగ ఉంటుంది. ఇంజనులోకి ఎంత గాలి పోతోందో ఆ తీగ కంప్యూటరుకు చెబుతుంది, కంప్యూటరు దానికి తగ్గ పెట్రోలు పంపుతుంది. ఆ సెన్సర్‌ను కొత్త గొట్టానికి మార్చి బిగించాలి. అంతకుముందు గొట్టం లోపల దుమ్ము లేకుండా తుడవాలని పుస్తకంలో లావు అక్షరాల్లో ఉంది. నేను రెండుసార్లు చదివాను. నాయన మూడుసార్లు తుడిచాడు.

ఇక్కడ ఆయన అలవాటు ఒకటి చెప్పాలి. ఏ బండికైనా సరే, కొత్త భాగం బిగించేముందు దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతాడు. రేడియేటరైనా, క్లచ్ ప్లేటు మూతైనా, ఆఖరికి హారనైనా. కాణిపాకం స్వామిని తలుచుకుని, తడిచేసిన పసుపు ఉంగరం వేలితో గుండ్రంగా రాసి, మధ్యలో కుంకుమ అద్దుతాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా మానలేదు. మా అమ్మ దేవకమ్మ ఇంట్లో పూజకు కుంకుమ లేకపోతే షెడ్డుకు మనిషిని పంపుతుంది.

అయితే ఈ గొట్టం నల్లగా అద్దంలా మెరుస్తోంది. దాని మీద ఒక్క మరక పడకూడదని హరినాథ్ పొద్దుటి నుంచి పదిసార్లు చెప్పాడు. నాయన కాసేపు ఆలోచించాడు. గొట్టాన్ని తిప్పి, లోపలి అంచున, ఎవరికీ కనబడని చోట, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టాడు.

"లోపల పెట్టినావేంది నాయనా?" అన్నాను.

"దేవుడికి కనపడతాది లే" అన్నాడు.

నేను నవ్వాను. ఫిజిక్స్ చెప్పే దాన్ని, పుస్తకం రెండుసార్లు చదివిన దాన్ని, నవ్వి ఊరుకున్నాను.

సాయంత్రం బండి స్టార్ట్ చేశారు. హరినాథ్ ముఖం వాడిపోయింది. నిలబెట్టి ఉన్న బండి చప్పుడులో ఏ తేడా లేదు. ముందు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

"ఏంది బాలన్నా, ఏమీ మారలేదే!"

"నిలబడుకోని ఊపిరి తీసుకుంటే ఎవురికి ఇనపడతాది? పరిగెత్తించి ఇను."

వెళ్ళాడు. మేము రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాం. పక్కనున్న పంచర్ షాపు మునిశేఖర్ కూడా వచ్చాడు. వంతెన ఎక్కేచోట హరినాథ్ గట్టిగా తొక్కాడు. అప్పుడు వినబడింది. వెనక నుంచి కాదు, బండి ముక్కులోంచి. ఖాళీ కాగులో తల పెట్టి మాట్లాడితే మన గొంతు ఎట్లా బరువెక్కుతుందో, అట్లాంటి గొంతు. ఇంజను వేగం పెరిగేకొద్దీ ఆ గుర్రు లోతుగా, నిండుగా పెరిగింది. కాలు తీయగానే ఒక్కసారిగా తగ్గి మామూలైపోయింది. చెవులు పగిలే చప్పుడు కాదది, పోలీసులు ఆపే చప్పుడూ కాదు. బండి ఇన్నాళ్ళూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉండి, ఇప్పుడు తీసినట్టుంది.

"అద్దీ!" అన్నాడు నాయన. ఆ ఒక్క మాటే. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మునిశేఖర్ చప్పట్లు కొట్టాడు. హరినాథ్ తిరిగొచ్చి బండి దిగి నాయనను రెండు చేతులా పట్టుకుని ఊపేశాడు. ఆ సాయంత్రం మా షెడ్డు ముందు ఎంతమంది ఆగి ఫోటోలు తీసుకున్నారో! నాకు ఊరంతా వినేట్టు అరవాలనిపించింది.

ఆ సంబరం ఐదు రోజులే.

శుక్రవారం నేను కాలేజీ నుంచి వచ్చి షెడ్డులో అడుగుపెట్టేసరికి నీలం కారు వచ్చి ఆగింది. ఆగడం కాదు, దగ్గుతూ దగ్గుతూ వచ్చి చతికిలబడింది. హరినాథ్ ముఖం కందగడ్డలా ఉంది. స్నేహితులను ఎక్కించుకుని కాణిపాకం పోయాడట. తిరిగొస్తూ పూతలపట్టు దగ్గర తొక్కితే బండి ముందుకు పోకుండా ఎగిరెగిరి పడిందట. వెనకొచ్చిన ఆటోవాడు కూడా నవ్వి దాటిపోయాడట. ముందున్న గాజు మీటర్ల మధ్య ఇంజనులో లోపముందని చెప్పే పసుపుపచ్చ దీపం వెలుగుతోంది.

"సరుకు డూప్లికేట్‌ది అన్నా. సెన్సర్ పాడు చేసింది. ఆ వేలూరోణ్ణి వదిలేది లేదు" అంటూ ఫోను తీసి షెడ్డు బయటికి పోయాడు. దినకరన్‌ను తిట్టడం మొదలుపెట్టాడు. తిట్లు లోపలికి స్పష్టంగా వినబడుతున్నాయి.

నాయన ఇంజను స్టార్ట్ చేసి చెవి ఒగ్గాడు. చప్పుడు పైకి లేచి పడిపోతోంది, మళ్ళీ లేచి పడిపోతోంది. ఒక్క నిమిషం విని ఆపేశాడు. "లెక్క తప్పి గాలి పీలుస్తా ఉండాది" అన్నాడు. రెండు స్క్రూలు తీసి సెన్సర్ బయటికి లాగాడు. వెలుతురుకు పట్టి చూశాడు.

ఆ సన్నటి తీగకు పసుపు అంటుకుని ఉంది. దాని మీద ఎర్రటి పొడి.

ఫిల్టరు తీసి గొట్టం లోపల చెయ్యి పెట్టి తడిమాడు. బొట్టు ఎండి, పెచ్చులుగా లేచి, సగం రాలిపోయి ఉంది. ఫిల్టరు బయటి దుమ్మును ఆపుతుంది, లోపలే ఉన్న పసుపును ఎట్లా ఆపుతుంది? గాలి ఆ పొడిని నేరుగా తీగ మీదికి కొట్టుకొచ్చింది. తీగకు గాలి సరిగ్గా తగలక కంప్యూటరుకు తప్పు లెక్క పోయింది.

నాయన స్టూలు మీద కూలబడ్డాడు. ఆయన్ని అట్లా నేనెప్పుడూ చూడలేదు.

నేను చుట్టూ చూశాను. మేమిద్దరమే ఉన్నాం. సెన్సర్ కడిగే స్ప్రే అలమరలోనే ఉంది. రెండు నిమిషాల పని. ఇప్పుడు నేను చెప్పబోయేది సిగ్గుపడాల్సిన విషయమే, అయినా చెబుతాను.

"నాయనా, స్ప్రే కొట్టి కడిగెయ్. లోపల గుడ్డ పెట్టి తుడిచెయ్. దుమ్ము పట్టిందని చెప్తే అయిపోతాది. ఎవరికి తెలుస్తాది?" అన్నాను గుసగుసగా.

ఆయన నా వైపు చూశాడు. కోపంగా కాదు.

"ఆడ ఆ పిల్లోడు తిట్లు తింటా ఉండాడు కదమ్మా" అన్నాడు.

లేచి సెన్సర్ అట్లాగే పట్టుకుని బయటికి పోయాడు. నేను వెనకే పరిగెత్తాను. మునిశేఖర్ షాపు ముందు ఇంకో నలుగురు కూడా నిలబడి చూస్తున్నారు. వాళ్ళ ముందే హరినాథ్ చేతిలోంచి ఫోను తీసుకున్నాడు నాయన.

"తంబీ, ఉన్ సామాను నల్ల సామాను. తప్పు ఎన్నోడదు" అన్నాడు తనకు వచ్చిన అరవంలో. నీ సరుకు మంచిదే, తప్పు నాది అని. అవతల దినకరన్ ఏమన్నాడో నాకు వినబడలేదు. నాయన ఆ మాటే మళ్ళీ ఒకసారి గట్టిగా చెప్పి ఫోను తిరిగిచ్చాడు. తర్వాత హరినాథ్ ముందు అరచెయ్యి చాపాడు. అరచేతిలో పసుపు పూసుకున్న సెన్సర్ ఉంది.

"గొట్టం లోపల బొట్టు పెట్టినా హరీ. నీకు మరక కనపడకూడదని లోపల పెట్టినా. అదే రాలి దీనికి పట్టింది. నువ్వు నలుగుర్లో నవ్వులపాలైంది నా వల్ల."

ఎవరో కిసుక్కున నవ్వారు. "జీపుకైతే సరిపోయేది లే" అన్నారు ఇంకెవరో. నాకు ఆ నవ్వినవాణ్ణి చెంప మీద కొట్టాలనిపించింది. నాయన ఎవరి వైపూ చూడలేదు. లోపలికి వచ్చి తీగను స్ప్రేతో కడిగి ఆరబెట్టాడు. గొట్టం ఊడదీసి తళతళలాడేట్టు తుడిచి బిగించాడు. బండి నడిపి చూశాడు. ఆ గొంతు తిరిగొచ్చింది, లోతుగా, నిండుగా. కానీ ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హరినాథ్ తాళం తీసుకుని బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు నాయన నిచ్చెన ఎక్కి బోర్డు పక్కన నిలబడ్డాడు. చేతిలో రంగు డబ్బా.

"గొంతు మారితే చాలన్నావు, మారింది కదా! పందెం గెలిచినావు కదా!" అని నేను నిచ్చెన పట్టుకుని దెబ్బలాడాను. దిగే దాకా వదల్లేదు. చివరికి విసుక్కుంటూ దిగాడు, రంగు డబ్బా లోపల పెట్టాడు. బొట్టు మానేశావా అని అడిగితే మాత్రం, చేతిలోకి స్పానరు తీసుకుని చూపించి, "మానేది యాడ? ఇప్పుడు నా పానాకు పెట్టుకుంటా ఉండా" అన్నాడు.

తర్వాత మూడు వారాలు షెడ్డుకు పెద్దగా పని రాలేదు. బొట్టు కథ తిరుపతి దాకా పాకింది. టీ కొట్టు దగ్గర మా నాయన కనబడితే నవ్వు ఆపుకునేవాళ్ళు. ఒకరోజు హరినాథ్ కారు రోడ్డు మీద పోతూ షెడ్డు ముందు నెమ్మదించింది. గట్టిగా ఒకసారి గర్జించి ఆగకుండా వెళ్ళిపోయింది. నాయన చేతిలో పని ఆపి విన్నాడు. "బాగుండాది" అన్నాడు. అది ఆయనకు చాలినట్టుంది. నాకు చాలలేదు. నాకు హరినాథ్ దిగి వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పాలని ఉండింది.

మార్చిలో ఒక శనివారం పొద్దున, తమిళనాడు నంబరున్న తెల్ల స్పోర్ట్స్ కారు ఒకటి మా షెడ్డు ముందు ఆగింది. దాంట్లోంచి నడివయసు మనిషి దిగాడు. చేతిలో అట్టపెట్టె. హరినాథ్ తెచ్చిన పెట్టె లాంటిదే. మునిశేఖర్ షాపు దగ్గర నిలబడ్డ అందరూ ఇటు తిరిగారు. ఆయన తెలుగూ అరవం కలిపి, దారిలో అడుగుతూ వచ్చినవాడిలా గట్టిగా అడిగాడు.

"తప్పు తనదే అని ఫోన్లో చెప్పిన మెకానిక్ షెడ్డు ఇదేనా అండి? వేలూరు దినకరన్ పంపించినాడు. వేరే ఎవరి చేతికీ బండి ఇవ్వొద్దు, ఆయన దగ్గిరికే పో అన్నాడు."

జీపు జోకు వేసినవాడు కూడా అక్కడే ఉన్నాడు, వాడు నేల చూపులు చూశాడు. నాయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ముందుకు వచ్చాడు.

"ఇదే. నేనే" అన్నాడు.

కడిగెయ్, ఎవరికి తెలుస్తాది అన్నది నేను. ఆ నేనే పోయి ఆయన పక్కన నిలబడ్డాను. "మా నాయనండీ" అన్నాను. నన్నెవరూ అడగలేదు, అయినా అందరికీ వినబడేట్టు అన్నాను.